పగిడేరు వేడినీళ్లు: కరెంటు కంటే కల్లానికే ఎక్కువ లాభం

భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. ఎగువన మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోర్లలోంచి కూడా వేడినీళ్లే ఉబికి వచ్చాయి. ఆ నీళ్ల మీద సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల పైలట్ ప్లాంటు పెట్టింది. బొగ్గు తవ్వే సంస్థే భూమిలోని వేడిని వాడి చూడటం మంచి పని. అయితే ఈ నీళ్లను కరెంటు కోసమే చూస్తే వాటి విలువలో ఎక్కువ భాగం వదిలేసినట్టే అవుతుంది.

గోదావరి లోయలో అగ్నిపర్వతాలు లేవు. మామూలుగా భూమిలోకి కిలోమీటరు దిగితే వేడి 25–30 డిగ్రీలు పెరుగుతుంది. వాన నీరు పగుళ్ల వెంట లోతుకు దిగి, అక్కడ కాగి, మరో పగులు దొరికితే పైకి వస్తుంది. కాబట్టి మనకు దొరికేది వేడినీళ్లు, ఆవిరి కాదు. ఆవిరి లేకుండా టర్బైన్ తిప్పాలంటే బైనరీ పద్ధతి ఒక్కటే దారి. తక్కువ వేడికే మరిగే ద్రవాన్ని హీట్ ఎక్స్ఛేంజర్‌లో (రెండు ద్రవాలు కలవకుండా వేడి మాత్రం దాటించే పరికరంలో) ఈ నీళ్లతో ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి టర్బైన్ తిప్పి కండెన్సర్‌లో చల్లబడి మళ్లీ ద్రవమవుతుంది, పంపు దాన్ని వెనక్కి నెడుతుంది.

చిక్కు చల్లబరిచే వైపు ఉంది. నీళ్లు 65 డిగ్రీలు, కండెన్సర్ 30 డిగ్రీలు అనుకుందాం. ఏ నష్టమూ లేని ఊహాయంత్రం కూడా వేడిలో 10 శాతాన్నే కరెంటు చేయగలదు. నిజమైన యంత్రానికి అందులో సగం వస్తే గొప్పే. అంటే 20 కిలోవాట్లకు దాదాపు 400 కిలోవాట్ల వేడి తోడాలి. నీళ్లను 65 నుంచి 50 డిగ్రీలకు చల్లబరిస్తే సెకనుకు 6.4 లీటర్లు, గంటకు సుమారు 23 వేల లీటర్లు కావాలి. పంపులు, కూలింగ్ టవర్ ఫ్యాన్లు తినే కరెంటు ఆ ఇరవైలోంచే పోతుంది. ఇక మే నెలలో కండెన్సర్ 35కు చేరితే ఊహాయంత్రం కూడా 9 శాతం దాటదు. కరెంటుకు గిరాకీ ఎక్కువున్న రోజుల్లోనే ప్లాంటు నీరసపడుతుంది.

అలాస్కాలోని చేనా హాట్ స్ప్రింగ్స్‌లో 2006 నుంచి 74 డిగ్రీల నీటితోనే కరెంటు తీస్తున్నారు. అక్కడ చల్లబరచడానికి 4 డిగ్రీల నీళ్లు అందుబాటులో ఉన్నాయి. వాళ్లను నిలబెట్టింది ఆ 70 డిగ్రీల తేడా. మనకు దాంట్లో సగమే ఉంది.

ఇదే 400 కిలోవాట్లను వేడిగానే వాడితే లెక్క మారిపోతుంది. ఖమ్మం, భద్రాద్రి రైతులు మిర్చిని కల్లంలో పది పదిహేను రోజులు ఆరబోస్తారు. మధ్యలో ఒక్క వాన పడితే పట్టాల కింద కాయ ఉమ్మగిల్లుతుంది, బూజు పడుతుంది, తాలు కాయలు పెరుగుతాయి. తేమలో ఉండిపోయిన కాయలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పుట్టిందంటే ఎగుమతికి పనికిరాదు. 75 శాతం తేమ ఉన్న టన్ను పచ్చి కాయను 10 శాతానికి దించితే సుమారు 278 కిలోలు మిగులుతుంది, 722 కిలోల నీరు ఎగిరిపోవాలి. డ్రయ్యర్ సగం వేడిని వృథా చేసినా దానికి దాదాపు 960 యూనిట్ల వేడి చాలు. 400 కిలోవాట్లు ఇరవై నాలుగు గంటలు అందితే రోజుకు 10 టన్నుల పచ్చి కాయ. కట్టెలతో ఇదే పని చేయాలంటే రోజుకు నాలుగు టన్నులు కాల్చాలి.

ఏర్పాటు ఇలా ఉంటుంది. బోరు నీళ్లు ముందు ఇసుక వేరుచేసే హైడ్రోసైక్లోన్ దాటి ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌కు వస్తాయి. అవతలి వైపు మంచి నీళ్లు తిరుగుతూ రెక్కలున్న కాయిల్‌కు వేడి చేరుస్తాయి, ఫ్యాన్ గాలిని కాయిల్ మీదుగా ట్రేల టన్నెల్‌లోకి తోస్తుంది. ప్రతి మజిలీలో కొన్ని డిగ్రీలు పోతాయి కాబట్టి 65 డిగ్రీల నీళ్లకు 54–55 డిగ్రీల గాలే వస్తుంది. మిర్చికి అది సరిగ్గా సరిపోతుంది, ఇంకా ఎక్కువైతే రంగు నల్లబడుతుంది. ట్రేలో రెండు మూడు కాయల మందం మించకూడదు. మొదటి గంటల్లోనే గట్టిగా వేడి పెడితే తొక్క బిగిసిపోయి గింజల దగ్గర తేమ నిలిచిపోతుంది. అలాంటి కాయ బస్తాలో బూజు పడుతుంది. అందుకే 45తో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి.

50 డిగ్రీలతో బయటికొచ్చే నీళ్లను కూడా వదిలేయక్కర్లేదు. వాటిని 40కి దించితే ఇంకో 267 కిలోవాట్లు వస్తాయి. కొనుగోలు కేంద్రంలో వడ్లకు 17 శాతం తేమ పరిమితి ఉంది. 28 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలిని 40కి వేడిచేస్తే ఆ తేమ 44 శాతానికి పడిపోతుంది, వడ్లు ఆరడానికి ఆ గాలి చాలు. అంతకంటే వేడి గాలి కొడితే గింజ పగిలి నూక శాతం పెరుగుతుంది. వానకాలం వడ్లు, తర్వాత మిర్చి, ఆ తర్వాత యాసంగి వడ్లు... డ్రయ్యర్ ఏడాదిలో చాలా నెలలు పనిలోనే ఉంటుంది.

పాడయ్యేది ఎక్కడో ముందే తెలియాలి. ఒత్తిడి తగ్గగానే నీటిలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి కాల్షియం కార్బొనేట్ తెల్లటి సున్నపు పొరలా ప్లేట్ల మీద పేరుకుంటుంది. మిల్లీమీటరు మందం చాలు, వేడి దాటడం బాగా తగ్గిపోతుంది. నీళ్లను తెరిచిన తొట్టిలో పోయకుండా చివరిదాకా ఒత్తిడిలోనే నడపాలి. ఎక్స్ఛేంజర్లు రెండు పెట్టుకుని ఒకటి నడుస్తుండగా రెండోదాన్ని పలుచని సిట్రిక్ యాసిడ్‌తో కడగాలి. నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే రాగి, ఇత్తడి నిలవవు, స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. క్లోరైడ్ బాగా ఎక్కువుంటే టైటానియం ప్లేట్లు కావాలి. పారిస్ చుట్టుపక్కల ఇలాంటి భూగర్భ వేడినీటితోనే ఇళ్లు వేడి చేసుకుంటున్నారు, మెలున్‌లో 1969 నుంచి నడుస్తోంది. అక్కడ సల్ఫైడ్ స్టీలు కేసింగులను (బోరు గోడకు దించే గొట్టాలను) తినేసింది. చివరికి బోరు అడుగుదాకా సన్నటి గొట్టం దింపి తుప్పు నిరోధకం పంపడం మొదలుపెట్టారు.

వాడిన నీళ్లను వాగులోకి వదలడం నాకు అస్సలు నచ్చని పని. లోతు వేడినీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుండే అవకాశం ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు ఏం చేస్తాయో నల్గొండ చూసింది. రెండో బోరుతో తిరిగి భూమిలోకే పంపాలి. గోదావరి లోయలో కింద ఉన్నది ఇసుకరాయి కాబట్టి సన్నటి మట్టి రేణువులు దాని రంధ్రాలను మూసేస్తాయి, పంపే ముందు అతి సన్నటి రేణువులనూ ఆపే మైక్రాన్ ఫిల్టర్లు తప్పవు. రెండు బోర్లు మరీ దగ్గరైతే చల్లటి నీళ్లు తోడే బోరుకు వచ్చేస్తాయి.

పాత బొగ్గు అన్వేషణ బోర్లు ఉచితంగా దొరికాయి కదా అని వాటినే వాడాలనుకోవడం ప్రమాదం. అవి సన్నవి, కేసింగు చుట్టూ సిమెంటు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే పైన వాల్వు బిగించగానే వేడినీళ్లు కేసింగు బయటి పక్కనుంచి ఎక్కి రైతుల బోర్ల నీళ్లలో కలుస్తాయి. తెరిచి వదిలేస్తే కింది ఒత్తిడి రోజురోజుకూ పడిపోతుంది.

దేశంలో 381 వేడినీటి చోట్లు గుర్తించారు, 2025లో కేంద్రం ప్రకటించిన జాతీయ జియోథర్మల్ విధానం నేరుగా వేడిని వాడుకోవడాన్నీ లెక్కలోకి తీసుకుంది. ఇప్పుడు కావాల్సింది పరీక్ష. డ్రయ్యర్ డిజైన్ గీయకముందే బోరును కొన్ని వారాలు ఒకే వేగంతో పారనివ్వాలి. రోజూ ఉష్ణోగ్రత, ఒత్తిడి, క్లోరైడ్, ఫ్లోరైడ్ రాసుకోవాలి. తర్వాత మూసి, ఒత్తిడి ఎన్ని రోజులకు తిరిగి పుంజుకుంటుందో చూడాలి. అదే సమయంలో చుట్టూ ఉన్న వ్యవసాయ బోర్లలో నీటి మట్టాన్నీ, ఉష్ణోగ్రతనూ కొలిచి ఆ రైతులకే ఆ కొలతల కాగితం ఇవ్వాలి.