అర్జునుడికీ చేతులు వణికాయి

గీతలో మొదటి అధ్యాయాన్ని చాలామంది గబగబా దాటేస్తారు, ఉపదేశం రెండో అధ్యాయంలో కదా అని. నేను మాత్రం మనసు బాగోలేనప్పుడల్లా మొదటి అధ్యాయమే తీస్తాను.

సీదంతి మమ గాత్రాణి ముఖం చ పరిశుష్యతి
వేపథుశ్చ శరీరే మే రోమహర్షశ్చ జాయతే

కాళ్లూ చేతులూ పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది, ఒళ్లు వణుకుతోంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయి. ఆ తర్వాతి శ్లోకంలో గాండీవం జారిపోతోందనీ, నిలబడలేకపోతున్నాననీ అంటాడు. ఆందోళన ముదిరినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి మనకు జరిగేదీ ఇదే. అన్నది ఎవరో పిరికివాడు కాదు. మన ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసి, శివుడితోనే తలపడి పాశుపతం సంపాదించాడని బెజవాడంతా చెప్పుకునే అర్జునుడు.

దసరాల్లో మూలా నక్షత్రం రోజు అమ్మవారు సరస్వతీ అలంకారంలో ఉంటారు. కొండ మీద క్యూలో ఎటు చూసినా చదువుకునే పిల్లలే. ఓసారి నా ముందు ఒక ఇంటర్ కుర్రాడు చెమట పట్టిన అరచేతిని మాటిమాటికీ ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు. "నీట్ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉందమ్మా" అన్నాడు. "అమ్మవారి దగ్గరికొచ్చి టెన్షనేంట్రా?" అంది వాళ్లమ్మ. ప్రేమగానే అంది. కానీ పిల్లాడు మళ్లీ నోరు విప్పలేదు.

కృష్ణుడు అలా అనలేదు. 47 శ్లోకాల ఆ అధ్యాయంలో ఆయన పలికింది "ఈ కౌరవులను చూడు" అన్న ఒక్క మాటే. తర్వాత మందలించాడు, నిజమే. అంతా విన్నాకే మందలించాడు. ఆరో అధ్యాయంలో, మనసును ఆపడం గాలిని ఆపినంత కష్టమని అర్జునుడు మొరపెట్టుకుంటే "అసంశయం", అవును, సందేహం లేదు అని ఒప్పుకున్నాడు. ఆ పైన చెప్పాడు, అభ్యాసం, వైరాగ్యం అని.

అభ్యాసమంటే పెద్దదేమీ అక్కర్లేదు. దుర్గా ఘాట్ మెట్ల మీదో, ఇంట్లో దీపం ముందో కూర్చుని, ఒక్కో నామానికీ ఊపిరి నెమ్మదిగా వదిలితే చాలు. గుండె దడ తగ్గడం మనకే తెలుస్తుంది. వైరాగ్యమంటే పరీక్ష మానేయడం కాదు. చదవడం నా చేతిలో ఉంది, ర్యాంకు లేదు అనుకోగలగడం.

అప్పటికీ వారాల తరబడి నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, పూజ చేస్తూనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది భక్తికి లోటు కాదు. "నీ శిష్యుణ్ణి, శరణన్నాను, దారి చెప్పు" అని అంతటి వీరుడే అడిగాడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.