ఫిడేలు కడుపులో పుల్ల

రెండేళ్ళ కిందట, ఆగస్టులో ఒక ఆదివారం, మా చిన్నదాని ఫిడేలు పెట్టెలోంచి తీస్తే లోపల ఏదో టకటకమని దొర్లింది. మొదట బొద్దింకేమో అనుకున్నాను. ఊపి చూస్తే పెన్సిలు ముక్కంత పుల్ల ఒకటి, ఆ 'ఎఫ్' ఆకారంలో ఉండే కన్నం దగ్గర కనబడి మళ్ళీ లోపలికి పోయింది. ముందురోజు రాత్రి శుభ్రంగా తుడుస్తానని కూర్చుని నాలుగు తీగలూ వదులు చేసింది నేనే. తీగల్ని ఎత్తి పట్టుకునే చెక్కముక్క, అదే బ్రిడ్జి, ఊడి చేతికొస్తే కంగారుపడి, మళ్ళీ నిలబెట్టి, మా ఆయనకి చూపించి మెప్పు కూడా పొందాను. లోపల అలాంటి పుల్లొకటి ఉంటుందనే నాకు తెలీదు.

ఫిడేలు కొన్నది విశాఖలో, ఒక పెద్ద షోరూంలో. వాళ్ళకి చాలా ఊళ్ళలో బ్రాంచీలున్నాయి, పేరెందుకులెండి. ఫోన్ చేస్తే ఒక అమ్మాయి చాలా మర్యాదగా "వారంటీలో కవర్ కాదు మేడం, సర్వీస్‌కి పంపాలి, మూడు వారాలు పట్టొచ్చు" అంది. మంగళవారం పిల్లకి క్లాసు. ఇంకో రెండుసార్లు చేశాను, రెండుసార్లూ వేరే వేరే గొంతులు, కథంతా మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చింది.

విజయనగరంలో ఉంటూ ఫిడేలు కొనడానికి అరవై కిలోమీటర్లు ఎందుకు వెళ్ళావని మా అమ్మ అడిగింది. జవాబు లేదు. మహారాజా వారి సంగీత కళాశాల 1919 నుంచి ఉన్న ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అదే ఏడాది విద్యార్థిగా చేరదామని వచ్చి, ఏకంగా వయొలిన్ ఆచార్యుడిగా చేరిపోయారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఘంటసాల, సుశీల చదువుకున్నదీ ఇక్కడే. ఇన్నీ చెప్పుకుని మురిసిపోయే నేను ఫిడేలు కొనడానికి మాత్రం రైలెక్కాను, ఎందుకంటే అక్కడ ఏసీ ఉంది, గాజు తలుపులున్నాయి, ఇంటర్నెట్‌లో నాలుగున్నర చుక్కలున్నాయి.

సోమవారం పొద్దున్నే పిల్లని స్కూల్లో దింపి, గంటస్తంభం దాటాక ఒక సందులో ఉన్న షాపుకి వెళ్ళాను. షాపంటే ఆటో పట్టేంత వెడల్పు. పైనుంచి డోలక్‌లు వేలాడుతున్నాయి, గజ్జెల కట్టలు, చిడతలు, ప్లాస్టిక్ కవర్లో చుట్టి దుమ్ము పట్టిన గిటార్లు రెండు. నేల మీద ఒక హార్మోనియం పొట్ట విప్పి ఉంది. షాపాయన దాని రీడు, అంటే స్వరం పలికే సన్న రేకు, ఒకటి చేతిలో పట్టుకుని సన్న ఆకురాయితో గీకుతున్నాడు, గీకి, నోటితో ఊది, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ గీకి. కొనవైపు గీకితే స్వరం పెరుగుతుందట, మొదలువైపు గీకితే తగ్గుతుందట. నేనడక్కుండానే చెప్పాడు.

ఫిడేలు చూపించగానే తీసుకుని ఒక్కసారి ఊపాడు, అంతే.

"ఏటమ్మా, తీగలన్నీ ఒక్కసారే ఇప్పీసేరా?"

తలూపాను.

"సౌండు పోస్టు పడిపోనాది. మరేటీ అవలేదు, కూకోండి."

తర్వాతి ఇరవై నిమిషాలు నేను గుడ్లప్పగించి చూశాను. ఆ పుల్లకి జిగురూ ఉండదు, మేకూ ఉండదు. పైపలకకీ అడుగుపలకకీ మధ్య బిగువుగా నిలబడి ఉంటుంది, అంతే. తీగల బిగువు బ్రిడ్జి మీద పడి, బ్రిడ్జి పైపలకని నొక్కితే దాని బలానే అది నిలుస్తుంది. నాలుగు తీగలూ ఒకేసారి వదిలేస్తే దానికి ఆధారం పోతుంది. ఆయన సొరుగులోంచి 'ఎస్' అక్షరంలా వంకర తిరిగిన ఇనప ఊచ ఒకటి తీశాడు. మొన చాకులా ఉంది. దానికి పుల్లని గుచ్చి, ఆ కన్నంలోంచి లోపలికి దూర్చి, సెల్‌ఫోన్ లైటు వేసి నన్ను పట్టుకోమన్నాడు. మూడుసార్లు పడిపోయింది. నాలుగోసారి నిలబడితే, బయటినుంచి ఊచ వెనకవైపుతో చిన్నగా తట్టి, సన్నతీగ వైపుండే బ్రిడ్జి కాలికి కాస్త వెనగ్గా జరిపాడు. "బియ్యపు గింజంత జరిగితే గొంతు మారిపోద్దమ్మా" అన్నాడు. తీగలు ఎక్కించి కమాను ఒక్కసారి లాగాడు. కొన్నప్పటినుంచీ రేకుడబ్బా మీద గీసినట్టుండే ఆ ఫిడేలు మొదటిసారి కాస్త గుండ్రంగా పలికింది. అంటే షోరూంలో కొన్న రోజే ఆ పుల్ల సరిగ్గా లేదన్నమాట. ఫ్యాక్టరీనుంచి పెట్టెలో వచ్చింది వచ్చినట్టు మాకిచ్చేశారు.

తీసుకున్నది నూటయాభై రూపాయలు.

అసలు సంగతి సాయంత్రం బయటపడింది. పిల్లని తీసుకురమ్మన్నాడు కదా అని తీసుకెళ్ళాను. ఫిడేలు భుజం మీద పెట్టి, ఎడమ చెయ్యి చాపమన్నాడు. ఫిడేలు మొన పిల్ల అరచేతిలోకి రావాలట, వేళ్ళు ముడిస్తే ఆ మొనని చుట్టుకోవాలట. మా దానికి వేళ్ళ చివరలు కూడా అందలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి నేను ఫుల్ సైజు కొనిపెట్టాను! షోరూం కుర్రాడు "పెరిగే పిల్ల కదా మేడం, మళ్ళీ మళ్ళీ కొనక్కర్లేదు" అన్నాడు, నేను చెప్పులు కొన్నట్టే సరేనన్నాను. మాస్టారు కూడా సైజు పెద్దదని రెండుసార్లు అన్నారు, ఆరువేల చిల్లర పెట్టాం కదా, ఇంకెవరు వింటారు. క్లాసు అయ్యాక చెయ్యి లాగుతోందని అది ఏడుస్తుంటే, మానెయ్యడానికి వంకలు పెడుతోందనుకున్నాను.

ఆ షాపాయన దగ్గర వాడేసిన హాఫ్ సైజు ఒకటుంది. మూడువేల ఎనిమిది వందలకి ఇచ్చాడు. పిల్ల ఎదిగాక వెనక్కి తెస్తే ఎనిమిది వందలు తీసుకుని, మిగతాది దాని పై సైజు, త్రీ ఫోర్త్ ఫిడేలు ధరలో తగ్గిస్తానన్నాడు. బిల్లు అడిగితే క్యాలెండర్ కాగితం వెనక రాసిచ్చాడు. ఇలాంటి ఏర్పాటు ఏ గొలుసుకట్టు షోరూంలోనూ ఉండదు, వాళ్ళ కంప్యూటర్లో దానికి గడే ఉండదు.

ఇదంతా చదివి ఊరి షాపులన్నీ దేవాలయాలని నేనంటున్నాననుకోకండి. ఈయనగారు రేపు రమ్మంటే ఎల్లుండి అని అర్థం. సిరిమానోత్సవం వారంలో షట్టరే ఎత్తడు. ఒకసారి అమ్మిన తీగ కట్టగానే తెగింది, ఎన్నేళ్ళ నాటి సరుకో ఏమో, చూస్తే కవర్ మీద తుప్పు మరక. పక్కనాయనకి మూడొందలకి ఇచ్చిన రోజిన్ (కమానుకి రాసే బంక), శృతి పైపు నాకు మూడొందల యాభై చెప్పాడు. గిటారు వాయించి చూస్తానంటే "తీసుకుంటే కవర్ ఇప్పుతాను" అంటాడు. విశాఖ షోరూంలో పదిరకాల గిటార్లు పిల్లలు గంటసేపు వాయించుకున్నా ఎవరూ ఏమీ అనరు, అది నిజంగా మంచి విషయం.

శ్రీకాకుళంలో ఉన్న మా తమ్ముడిది ఇంకో కథ. వాడు భజన బృందంలో కీబోర్డు వాయిస్తాడు. ఊళ్ళో షాపులో అడిగితే పాత మోడల్, ధరా ఎక్కువే. నేను తిట్టుకున్న ఆ షోరూంలోనే కొన్నాడు. నాలుగో నెలలో అడాప్టర్ కాలిపోతే వారంలో కొత్తది ఇంటికొచ్చింది, మారుమాట లేకుండా. వాడితో ఈ విషయం మీద వాదించి లాభం లేదని అప్పుడే తెలిసింది నాకు. కరెంటు ప్లగ్గు ఉన్న వాయిద్యం ఎక్కడ కొన్నా లోపలున్నది ఒకటే, చెడితే బోర్డు మార్చడమే, కాబట్టి వారంటీ ఎవరిదైతే వాళ్ళ దగ్గర కొనుక్కోవాలి. చెక్కా, తోలూ, మైనమూ ఉన్నదైతే దాన్ని సరిచేసే చెయ్యి ఎక్కడుంటే అక్కడ కొనాలి. నాకు ఇంతకన్నా పెద్ద సిద్ధాంతమేమీ లేదు.

మా అమ్మ వీణకైతే అసలు షాపే లేదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్ళు తరతరాలుగా వీణలు చేస్తున్నారు, ఒకే పనస దుంగని తొలిచి కుండా దండీ కలిపి చేసే ఏకాండి వీణ. మా అమ్మ పెళ్ళికి ముందు తాతగారు అక్కడే చేయించారు. తీగల కింద వరసగా ఉండే ఆ 24 మెట్లూ మైనంలో కూర్చోబెట్టి ఉంటాయి, కొన్నేళ్ళు పోయాక మైనం ఎండి పగుళ్ళు ఇస్తుంది, మెట్లు కదులుతాయి, స్వరం పక్కకి పోతుంది. అప్పుడు మేళం మళ్ళీ కట్టాలి. కిందటేడు అక్కడినుంచి ఒక పెద్దాయన వచ్చి, పాత మైనం అంతా గీకేసి, కొత్తది బొగ్గుపొడితో కలిపి కాచి పోసి, ఒక్కో మెట్టూ మీటి, విని, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ మీటి, రెండు రోజులు మా హాల్లోనే కూర్చున్నాడు. ట్యూనర్ యాప్ ఉందని మా తమ్ముడు ఫోన్ చూపిస్తే నవ్వి, "అది చెప్పనియ్యి బాబూ, అమ్మగారి చెవి కూడా ఒప్పుకోవాలి గదా" అన్నాడు. ఈమధ్య సన్మానాల్లో జ్ఞాపికగా ఇచ్చే బుల్లి బొబ్బిలి వీణలే ఎక్కువ అమ్ముడవుతున్నాయట. మా ఇంట్లోనూ ఒకటుంది, టీవీ పక్కన. పలకదు.

మొన్న వేసవి సెలవుల్లో హాఫ్ సైజు వెనక్కిచ్చేసి త్రీ ఫోర్త్ తెచ్చుకున్నాం. ఆయన మాట ప్రకారమే ఎనిమిది వందలే తగ్గించుకున్నాడు. క్యాలెండర్ కాగితం నేను పారేశాను, ఆయనకి గుర్తుంది. తీగ చుట్టే బిరడా జారుతోందంటే సుద్దముక్కతో రాసి బిగించి, డబ్బులొద్దన్నాడు.

ఫుల్ సైజుది బీరువా మీదుంది, ఇంకో మూడు నాలుగేళ్ళు అక్కడే ఉంటుంది. తీగలు పూర్తిగా వదలొద్దని చెప్పాడు కాబట్టి కొంచెం బిగువుగానే ఉంచాను. అప్పుడప్పుడు దుమ్ము దులిపేటప్పుడు దింపి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి చూస్తాను.