గిటార్ రాని చోట

నిన్న రాత్రి నిద్ర పట్టక బాబ్ మార్లే ‘క్యాచ్ ఎ ఫైర్’ ఆల్బమ్‌ను రెండు రూపాల్లోనూ విన్నాను. 1973లో లోకం విన్నది ఒకటి, 2001లో గానీ బయటికి రాని జమైకా మిక్స్ ఇంకొకటి.

మార్లే బృందం జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో రికార్డు చేసిన టేపులు లండన్ చేరాక, రాక్ శ్రోతలకు ఎక్కాలని నిర్మాత క్రిస్ బ్లాక్‌వెల్ వాటి మీద కొత్త వాయిద్యాలు చేర్పించాడు. 1973లో వచ్చింది ఆ లండన్ మిక్సే; జమైకా మిక్స్‌లో ఆ చేర్పులు లేవు. ‘కాన్‌క్రీట్ జంగిల్’ పాటలో గుండెను మెలిపెట్టే గిటార్ సోలో అమెరికాలోని అలబామాకు చెందిన వేన్ పెర్కిన్స్‌ది. మార్లే వాయించే జమైకా సంగీతం రెగేతో అతనికి పెద్దగా పరిచయమే లేదు!

ఆ సోలో దగ్గర కళ్లు మూసుకోవడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. జమైకా మిక్స్‌లోనూ అదే చోట మూసుకున్నాను. ఆ గిటార్ సోలో రాలేదు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టయింది. ఆ ఖాళీలో మాత్రం రాబీ షేక్‌స్పియర్ బేస్ గిటార్ నింపాదిగా నడుస్తోంది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా లేవు. ఇన్నాళ్లూ అది అక్కడే ఉంది, నేనే పట్టించుకోలేదు.

లండన్ మిక్స్‌ను తప్పుపట్టలేను, నన్ను రెగే వైపు లాగింది అదే. కొంచెం కోపం మాత్రం వచ్చింది.

మళ్లీ మొదటి నుంచి పెట్టాను. జమైకాదే.