మా బోటుకు రేవు చూసుకున్నాం

మా బాబాయి కొడుకూ నేనూ కలిసి సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫైబర్ బోటు కొన్నాం. బేరం, మత్స్యశాఖ ఆఫీసులో కాగితాలు, ఇంజన్ సర్వీసింగ్ ఇవన్నీ నాలుగుసార్లు తిరిగితే అయ్యే పనులే. బోటు ఎక్కడ కట్టాలన్నదే ఒక పట్టాన తేలలేదు. తేలే జెట్టీ, కరెంటు, నీళ్ళ పైపు, కాపలా ఉండే మెరీనాలు మన గోదావరి డెల్టాలో లేవు. రేవు మనమే వెతుక్కోవాలి.

ఎవరిని కదిపినా "ఇంటికి ఎంత దూరం?" అనే అడిగారు. బాబాయి మాత్రం "ఆ రేవు ఏ గాలికి తలుపు తీసి ఉంటుందిరా?" అన్నాడు. బోటు కొనేవాళ్ళు ఎవరైనా ముందు అడగాల్సింది అదేనని ఇప్పుడు నేను గట్టిగా నమ్ముతున్నాను.

కాకినాడ అఖాతమే తీసుకోండి. తూర్పున హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోగా పెరిగిన దిబ్బ అది, పొడవు సుమారు 16 కిలోమీటర్లు. సముద్రపు అలను అదే కాస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి ఎంత వీచినా అఖాతం లోపల పెద్ద అల లేవదు. కానీ ఉత్తరం వైపు అడ్డు లేదు. అక్టోబరు దాటి గాలి ఈశాన్యానికి తిరిగితే అల లోపలికి వచ్చేస్తుంది. తుఫాన్ల కాలమూ అదే. 1996 నవంబరు 6 నాటి తుఫాను రాత్రిని మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఉప్పాడ వద్దనుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. తీరం కోసుకుపోతున్న చోట, ఇంజన్‌తో సహా బోటును ఒడ్డుకు లాగాలంటే రోజూ పది చేతులు కావాలి.

భైరవపాలెం వైపు మాత్రం మనసు లాగింది. వేటకు దగ్గర, తెలిసినవాళ్ళూ ఉన్నారు. ఒక మధ్యాహ్నం అక్కడి మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, చూద్దామని వెళ్ళాం. అది పాటు, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ; నీరు జోరుగా బయటికి పోతోంది. ఎదురుగా సముద్రం మీంచి గాలి. ఆ రెండూ తగులుకునే మేట దగ్గర అలలు పొట్టిగా, నిలువుగా లేచి అక్కడికక్కడే విరుగుతున్నాయి. బాబాయి ఇంజన్ తగ్గించి, లేచి నిలబడి నురగ వంకే చూశాడు. ఒక పక్కన నురగ లేని నల్లటి చార ఉంది. లోతు అక్కడే. అయినా పోనివ్వలేదు. "పోటు తిరగనీ" అని బోటును వెనక్కి తిప్పి మడ చెట్ల వారన ఆపాడు. పోటు మొదలయ్యాక అదే చోట అల అణిగిపోయింది. రోజూ ఇలా నీటి కోసం కాచుకోవడం ఆయనకు అలవాటే గానీ, మా ఇద్దరికీ ఆ టెన్షన్ వద్దనిపించింది.

చివరికి కాకినాడ ఉప్పుటేరు ఖాయం చేసుకున్నాం. రెండు పక్కలా గట్టు ఉంది, ఏ గాలి వచ్చినా అల లోపలిదాకా రాదు. ఇరుకు, డీజిల్ వాసన తప్పవు. ఒకదాని పక్కన ఒకటి బోట్లు కడతారు కాబట్టి పాత టైర్లు వేలాడదీయాలి. చోటు ఒప్పుకునే ముందు, నీరు బాగా దిగే అమావాస్య నాడు, పూర్తిగా పాటులో వెళ్ళి వెదురు గెడతో లోతు చూశాం. పోటులో చూస్తే ఏ రేవైనా బాగానే కనిపిస్తుంది, పాటులోనే బోటు బురద మీద కూర్చుంటుందో లేదో తెలిసేది. నీటిమట్టం మీటరు పైనే తేడా వస్తుంది కాబట్టి తాడు బిగదీసి కట్టకూడదు.

బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు, వాతావరణశాఖ హెచ్చరిక రెండూ చూస్తాం. గంటకు 45-55 కిలోమీటర్ల ఈదురుగాలులని వచ్చినా, పోర్టులో మూడో నంబరు సూచిక ఎగరేసినా ఆ రోజుకు వేట లేదు. ఇందులో మా ముగ్గురికీ రెండో మాట లేదు.

రేవు వెతుక్కునేవాళ్ళు మార్చిలోనే పక్క బోట్లవాళ్ళతో చోటు మాట్లాడుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి బోట్లన్నీ ఒక్కసారే గట్టుకు చేరతాయి. అప్పుడు వెళితే తాడు కట్టే చోటు కూడా దొరకదు.