పారే నదిపై మంచుపలక: శీతకాలపు గాలం వేటలో నా అనుభవం

గడ్డ కట్టిన సరస్సుల మీద చేపలు పట్టడం అలవాటైన తరువాత, నది మీద కూడా ఆ పని చేయాలని పూనుకున్నప్పుడు నేను మొట్టమొదట మార్చుకోవలసి వచ్చింది మంచును చూసే పద్ధతిని. సరస్సులో నీరు దాదాపు నిలకడగా ఉంటుంది కాబట్టి ఒకచోట కొలిచిన మందం ఆ చుట్టుపక్కల కొంత దూరం వరకు నమ్మదగినదిగా ఉంటుంది. నదిలో మాత్రం పలక కింద చలికాలమంతా నీరు పారుతూనే ఉంటుంది, ఆ పారే నీరు పలకను ఒకచోట దళసరిగా పెరగనిస్తుంది, కొన్ని అడుగుల అవతల కింది నుంచి అరగదీస్తుంది, పైనుంచి చూసేవారికి మాత్రం రెండు చోట్లా ఒకే తెల్లదనం కనిపిస్తుంది. ఎక్కడ నడవాలి, ఎక్కడ రంధ్రం వేయాలి, ఎంత బరువున్న గాలం దించాలి అన్న ప్రతి నిర్ణయం ఆ ప్రవాహాన్ని బట్టే ఉంటుందని ఆ శీతకాలమంతా నాకు అడుగడుగునా తెలిసివచ్చింది.

చేపలు ఉండే చోటును నిర్ణయించేది కూడా ప్రవాహమే. నీటి సాంద్రత సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యధికంగా ఉంటుంది కాబట్టి, గడ్డ కట్టిన సరస్సులో ఆ కాస్త వెచ్చని నీరు అడుగుకు చేరుతుంది, చల్లని నీరు మంచుకు ఆనుకొని పైన ఉంటుంది. నదిలో ప్రవాహం పై నీటిని, కింది నీటిని నిరంతరం కలిపేయడం వల్ల ఉపరితలం నుంచి అడుగు దాకా నీరు దాదాపు 0 డిగ్రీలకు దిగిపోతుంది. లోతుకు వెళ్ళినంత మాత్రాన చేపకు అక్కడ వెచ్చదనం దొరకదు. చలికి శరీర వ్యాపారాలన్నీ మందగించిన చేప, ఉన్న కొద్ది శక్తిని ఎదురీతకు ఖర్చు చేయకుండా నిలబడగలిగే చోటును వెతుక్కుంటుంది. లోతైన మడుగులు, లంకల దిగువ భాగాలు, పెద్ద బండల వెనుక ఏర్పడే సుడులు, వడి లేని పక్కపాయలు అటువంటి చోట్లు.

ఈ చోట్లను మంచు కప్పిన తరువాత వెతకడం కష్టం కాబట్టి నేను శరదృతువులోనే, నీరు ఇంకా తెరిచి ఉన్నప్పుడే, ఒడ్డు వెంట నడిచి ఒక పటం గీసుకున్నాను. నది వంపు తిరిగిన ప్రతిచోటా బయటి ఒడ్డు వైపు నీరు వడిగా కోసుకుంటూ పోతుంది, లోపలి ఒడ్డు వైపు నిదానించి ఇసుక మేట వేస్తుంది. అందువల్ల బయటి వంపులో లోతు ఎక్కువ, మంచు పలచన. లోపలి వంపులో మంచు దళసరి. వాగులు వచ్చి కలిసే చోట్లను, వంతెన స్తంభాల చుట్టుపక్కలను, అడుగు నుంచి ఊటలు ఊరే చోట్లను, ఇరుకైన పాయలను, కర్మాగారాల నుంచి గోరువెచ్చని నీరు వచ్చి పడే కాలువల మూతులను ఆ పటంలో ఎర్రగా గుర్తించాను. ఎంత చలి పడినా ఆ ఎర్రని గుర్తుల దగ్గరికి వెళ్ళకూడదని ముందే తీర్మానించుకోవడం మంచిదయింది, ఎందుకంటే మంచు మీదికి చేరిన తరువాత మనిషి ఆశ లెక్కలను సడలిస్తుంది.

తొలి గట్టి చలి రాత్రుల్లో నది గడ్డ కట్టే తీరును చూడడం నాకు ఒక పాఠమే అయింది. వడిగా పారే నీరు సున్నా కన్నా అతి స్వల్పంగా దిగువకు చల్లబడి, అందులో సన్నని మంచు రేణువులు పుట్టుకొస్తాయి. వీటిని ఫ్రాజిల్ అంటారు. అవి కొన్ని చోట్ల అడుగున ఉన్న రాళ్ళకు అంటుకొని పెరుగుతాయి, కొన్ని చోట్ల పైకి తేలి, గుంపులుగా కొట్టుకుపోయి, ఒక వంపు దగ్గర ఇరుక్కొని ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ఇలా తయారైన పలకలో పొరలు, గాలి బుడగలు, చితికిన మంచు కలగలిసి ఉంటాయి కనుక, అది సరస్సు మీద నిశ్చలంగా ఏర్పడిన పారదర్శకమైన మంచుతో సమానమైన బలం కలది కాదు.

చట్టపరమైన సన్నాహం గురించి ఎక్కువ చెప్పవలసిన అవసరం లేదు. అనుమతి పత్రం, ఒక వ్యక్తి వాడదగిన గాలాల సంఖ్య, ఏ జాతి చేపను ఏ పరిమాణంలో ఎన్ని ఉంచుకోవచ్చు, బతికిన చిన్న చేపలను ఎరగా వాడవచ్చా లేదా, సీసపు గుళ్ళకు అనుమతి ఉందా లేదా అన్న నియమాలు ప్రాంతాన్ని బట్టి, ఒక్కోసారి ఒకే నదిలోని భాగాన్ని బట్టి కూడా మారుతాయి కాబట్టి వాటిని ముందుగా చదివి వెళ్ళాలి.

నాకు దారి చూపిన వృద్ధుడు ఆ నది మీద ఎన్నో శీతకాలాలు గడిపినవారు. మంచు మీద కాలు పెట్టబోయే ముందు ఆయన నాకు చెప్పింది ఒక్కటే మాట: “గునపం పడిన చోటే నీ కాలు పడాలి, బాబూ.” పొడవాటి ఇనుప గునపంతో ముందు బలంగా పొడిచి చూసి, అది దూసుకుపోకపోతేనే అడుగు వేయడం, కొన్ని అడుగులకు ఒకసారి బరమాతో చిన్న రంధ్రం వేసి మందం కొలవడం ఆయన పద్ధతి. ఒక మనిషి నడవడానికి కొత్తగా ఏర్పడిన పారదర్శకమైన మంచు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలన్నది సాధారణంగా చెప్పే కొలత. పాలలా తెల్లగా కనిపించే మంచుకు దాదాపు సగం బలమే ఉంటుంది కాబట్టి దానికి రెండింతల మందం కావాలి. నది విషయంలో ఆయన ఆ కొలతను కూడా నమ్మేవారు కాదు, 15 సెంటీమీటర్ల పారదర్శకమైన మంచు కనిపించనిదే ముందుకు కదలనిచ్చేవారు కాదు. దాన్ని మొదట్లో నేను అతిజాగ్రత్త అనుకున్నాను కానీ, లోపలి వంపు నుంచి నది మధ్యకు పోతున్నకొద్దీ రంధ్రానికి రంధ్రానికి మందం తగ్గిపోవడం కొలబద్ద మీద చూసిన తరువాత ఆ మాట అనలేకపోయాను. పైన కురిసి పేరుకున్న మంచు దుప్పటి చలిని లోపలికి పోనివ్వక, కింది పలక దళసరి కాకుండా అడ్డుకుంటుంది కాబట్టి, మంచు ఎక్కువగా మేట వేసిన చోట్లలో మరింత అనుమానంతో పొడిచి చూసేవాళ్ళం.

ఒంటి మీద ఉండవలసిన వస్తువులు కొన్ని ఉన్నాయి: నీటిలో తేలే దుస్తులు లేదా లైఫ్ జాకెట్, బూట్లకు ఇనుప ముళ్ళ పట్టీలు, మెడలో వేలాడే రెండు మంచు మేకులు, విసరడానికి వీలుగా చుట్టిన తాడు. చలినీటి ప్రమాదాల మీద పరిశోధన చేసిన మానిటోబా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ వ్యాప్తిలోకి తెచ్చిన 1-10-1 సూత్రాన్ని నేను అప్పుడే నేర్చుకున్నాను. మంచు విరిగి నీటిలో పడిన మనిషికి ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి సుమారు 1 నిమిషం, చేతులు కాళ్ళు పనికొచ్చే విధంగా కదిలించడానికి సుమారు 10 నిమిషాలు, చలి వల్ల స్పృహ తప్పడానికి ముందు సుమారు 1 గంట వ్యవధి ఉంటుందని దాని భావం. వచ్చిన దారి వైపే తిరిగి, మోచేతులు మంచు మీద ఆనించి, కాళ్ళతో తన్నుతూ, మేకులను మంచులో గుచ్చి పట్టుకొని పైకి పాకి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం పోవాలి. అయితే నదిలో ఇంకొక ప్రమాదం ఉంది: ప్రవాహం కాళ్ళను పట్టి మనిషిని పలక కిందికే తోసేయగలదు, అప్పుడు ఈ సూత్రాన్ని పాటించే అవకాశమే దొరకదు. వడి ఉన్న చోటికి అసలు పోకపోవడమే దానికి విరుగుడు.

రంధ్రం వేయడంలో బలం కన్నా గమనిక ముఖ్యమని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బరమా పదును బాగుంటే చేతితో తిప్పే బరమాతోనే దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పు రంధ్రం త్వరగానే పడుతుంది. జల్లిగరిటెతో ముక్కలను తోడివేసిన వెంటనే, గాలం సంగతి తరువాత చూడమని, ముందు నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో చూడమని ఆయన అనేవారు. మంచు తేలినప్పుడు దాని మందంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు నీటిలో మునిగి ఉంటుంది. కాబట్టి 30 సెంటీమీటర్ల మందం గల పలకలో నీరు అంచుకు సుమారు 3 సెంటీమీటర్ల దిగువన నిలవాలి. నీరు అంతకన్నా చాలా కిందికి ఉంటే నది మట్టం తగ్గి పలక గాలిలో వేలాడుతోందని అర్థం. దానికి కింద ఆధారం ఉండదు. ఆనకట్టల దిగువన నీటి విడుదలను బట్టి మట్టం రోజులోనే మారవచ్చు, ఆ మార్పుకు ఒడ్డుల వెంబడి పలక కీలు విరిగినట్లు పగుళ్ళు తీస్తుంది. నీరు పైకి పొంగి మంచు మీద పరుచుకుంటే మట్టం పెరిగి ఉండవచ్చు, లేదా కురిసిన మంచు బరువుకు పలక కుంగి ఉండవచ్చు. నా దృష్టిలో ఈ ఒక్క పరీక్ష, మందం కొలవడంతో సమానమైనది, అయినా చాలామంది దాన్ని పట్టించుకోకుండా గాలం దించేస్తారు.

చేప ఉండదగిన చోటును పట్టుకోవడానికి మొదట ఒక గుండును దారానికి కట్టి దించాను. అడుగుకు తగిలిన తరువాత దాన్ని జానెడు ఎత్తి వదిలితే అది ఉన్నచోటే పడితే ఆ చోటు పనికివస్తుంది. ప్రతిసారీ దిగువకు జరిగిపోతుంటే వడి ఎక్కువని అర్థం. ఏ కదలికా లేని నీరు కూడా మంచిది కాదు, ఎందుకంటే అక్కడికి ఆహారం కొట్టుకురాదు. వడి నీరు, నిదాన నీరు ఒరుసుకొనే అంచు నుంచి కాస్త నిదాన నీటి వైపున చేప నిలబడి, పక్కన కొట్టుకుపోయే ఆహారాన్ని అందుకుంటుంది. ఆ అంచు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒడ్డు నుంచి లోపలికి వరుసగా రంధ్రాలు వేసి, దారం ఎంత వాలుతోందో ఒక్కొక్క దానిలో చూసుకుంటూ పోవడమే దారి. ఇది చేతులు నొప్పిపెట్టే పని, కానీ దీనికి బదులుగా చేయగలిగింది ఏదీ నాకు కనిపించలేదు.

సరస్సులో వాడే తేలికైన గాలాలు ఇక్కడ కొట్టుకుపోతాయి. టంగ్‌స్టన్ సాంద్రత సీసం కన్నా దాదాపు 1.7 రెట్లు ఎక్కువ కాబట్టి, అదే బరువును చిన్న పరిమాణంలో ఇచ్చి ప్రవాహానికి తక్కువగా లొంగుతుంది. అందుకని సన్నని దారానికి టంగ్‌స్టన్ జిగ్‌ను, అంటే బరువు గుండు అతికించిన గాలపు ముల్లును, కట్టుకున్నాను. బెండు ఇక్కడ ఉపయోగపడలేదు, ఎందుకంటే నీటి లాగుడు దాన్ని పక్కకు ఈడ్చేది, కాసేపట్లో దాని చుట్టూ మంచు కట్టేది. దాని బదులు పొట్టి కర్ర కొనకు సన్నని స్ప్రింగు అమర్చి, దాని వంపును చూస్తూ కూర్చున్నాను. చలిలో చేప ఎరను వెంటాడదు కనుక జిగ్‌ను ఎగరేయడం అనవసరం. అడుగుకు బెత్తెడు పైన నిలిపి, అప్పుడప్పుడు కొద్దిగా వణికించి, ఎక్కువసేపు కదలకుండా ఉంచడమే ఫలించింది. చేప తగలడం అంటే గట్టి గుంజుడు ఏమీ ఉండదు, వంగి ఉన్న స్ప్రింగు నెమ్మదిగా నిటారు కావడం మాత్రమే కనిపించింది. ఎరను నోట కరిచి చేప కాస్త పైకి రావడంతో బరువు తగ్గినందువల్ల అలా జరుగుతుందని ఆయన వివరించారు.

ఆ విధంగా దొరికిన వాల్‌ఐ అనే మంచినీటి చేపను రంధ్రం దాకా తేవడం, పట్టడం కన్నా ఆలస్యమయింది. ప్రవాహం దాన్ని దిగువకు నెట్టడం వల్ల దారం పలక కింది అంచును రాసుకుంటుంది, ఆ రాపిడికి తెగిపోతుంది కూడా. కర్ర కొనను రంధ్రంలోకి ముంచి, దారాన్ని అంచుకు దూరంగా ఉంచి, చేప తల రంధ్రం వైపు తిరిగేదాకా తొందరపడకుండా ఉండాలి. నియమాల ప్రకారం వదిలేయవలసిన చేప అయితే దాన్ని మంచు మీద పడుకోబెట్టకూడదు, ఎందుకంటే గట్టి చలిలో మొప్పలు, కళ్ళు త్వరగా గడ్డ కడతాయి. నీటి అంచునే గాలం తీసి, తల కిందికి పెట్టి వదలాలి.

చలికాలం నడిమధ్యన రాత్రిపూట కూడా కూర్చున్నాము, ఎందుకంటే కాడ్ చేపల బంధువైన బర్బాట్ అదే కాలంలో, మంచు కిందనే, గుడ్లు పెడుతుంది, చీకటిలో చురుకుగా తిరుగుతుంది. ఇలా చలికాలంలో గుడ్లు పెట్టే చేపల వలస మీదనే ఆధారపడిన చోటు ఒకటి ప్రసిద్ధమైనది: కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో సెయింట్ లారెన్స్ నదిలో కలిసే సెయింట్ ఆన్ నదిలోకి టామ్‌కాడ్ అనే చిన్న చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ వస్తాయి, వాటి కోసం ఆ నది మంచు మీద ప్రతి ఏడాది గదులు వరుసగా వెలుస్తాయి. మేము వాడింది మడత గుడారం. అందులో గ్యాసు పొయ్యి వెలిగించినప్పుడల్లా పైన, కింద గాలి దారులు తెరిచే ఉంచాము. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మూసిన గుడారంలో మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ప్రతి రంధ్రం పక్కన ఒక కొమ్మను నిలబెట్టి వచ్చాము, ఎందుకంటే పలచగా మళ్ళీ గడ్డ కట్టిన రంధ్రం మీద మంచు కురిస్తే, తరువాత వచ్చేవారికి అది కనిపించదు.

చలికాలం చివరలో మందం కొలతలు పనికిరాకుండా పోతాయన్నది నేను చివరగా నేర్చుకున్నది. ఎండ తగిలిన మంచు, కొవ్వొత్తులను పక్కపక్కన నిలబెట్టి కట్టిన మోపులాగా, నిలువు స్ఫటికాలుగా విడిపోతుంది. అది 30 సెంటీమీటర్లు ఉన్నప్పటికీ ఒక మనిషిని మోయకపోవచ్చు. నదిలో ఈ కుళ్ళు పైనుంచి ఎండ వల్ల, కింది నుంచి కరుగునీటితో పెరిగిన వడి వల్ల ఒకేసారి సాగుతుంది కాబట్టి చుట్టుపక్కల సరస్సుల కన్నా ముందే నది మంచును విడిచిపెట్టాలి. గునపం రెండవ దెబ్బకే కిందికి దిగి నీరు చిమ్మిన రోజున మేము ఒడ్డు నుంచి ఎక్కువ దూరం పోలేదు. బరమాను సంచిలో నుంచి తీయకుండానే వచ్చిన అడుగుజాడల్లో వెనక్కి నడిచి, సామాను సర్దుకున్నాము.