పెంటయ్య, సైదులు, పేరింకా పెట్టని పిల్ల

బుధవారం, రాత్రి పదిన్నర.

మనవరాలు పుట్టి ఇవాళ్టికి పదిహేడు రోజులు. ఆదివారం ఇరవై ఒకటో రోజు, తొట్టెల. టెంటుకు చెప్పడం అయింది, వంటాయనకు అడ్వాన్సు ఇవ్వడం అయింది. బియ్యంలో పేరు రాయడానికి మా ఇంటామె ఉంగరం కూడా కడిగి దేవుడి దగ్గర పెట్టింది. రాయాల్సిన పేరు మాత్రం లేదు.

పంతులు గారు జ్యేష్ఠ రెండో పాదం అని లెక్క కట్టి, "యా" అక్షరంతో పెట్టుకోండి అని చెప్పి వెళ్లిపోయారు. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108. ఇన్నింటిలో మా వంతుకు వచ్చింది యా. పొద్దున చాయ్ తాగుతూ యాతో మొదలయ్యే మాటలు గుర్తు చేసుకున్నాను. యాతన, యాచన, యాగీ, యాష్ట. ఒక్కటన్నా పిల్లకు పెట్టేటట్టు ఉందా!

అల్లుడు హైదరాబాద్ నుంచి రోజూ ఫోన్లో జాబితాలు పంపుతున్నాడు. యాన్వి, యాషిక, యాద్విక, యామిక. ప్రతి పేరు పక్కన అర్థం కూడా ఉంటుంది. ఒకటి దుర్గాదేవి అట, ఒకటి యువరాణి అట, మూడోదానికి "వెలుగు" అట. ఈ జాబితాలు చూస్తే లోకంలో పేర్లన్నింటికీ కలిపి ఉన్నవి ఐదారు అర్థాలే అనిపిస్తుంది: దేవి, వెలుగు, అదృష్టం, దేవుడిచ్చిన వరం. నేను నిఘంటువు తీసి కూర్చున్నాను. అందులో దొరికినవి రెండే. ఒకటి యామిని. యామం అంటే రోజులో ఎనిమిదో వంతు, మన లెక్కలో మూడు గంటలు, ఆ యామాలు ఉన్నది కాబట్టి యామిని, అంటే రాత్రి. రెండోది యాజ్ఞసేని. ద్రుపదుడికి యజ్ఞసేనుడని ఇంకో పేరుంది, ఆయన కూతురు ద్రౌపది యాజ్ఞసేని. నాకు ఇది బాగా నచ్చింది. అల్లుడు మాత్రం "మామా, రేపు ఆఫీసులో ఎవరికీ నోరు తిరగదు" అన్నాడు. పుట్టి పదిహేడు రోజులే, అప్పుడే ఆఫీసు.

బిడ్డకు యామిని ఇష్టమే కానీ, "రాత్రి అని పెడతారా డాడీ" అని ఒకటే అనుమానం.

మా అమ్మ మంచం మీద కూర్చొని ఇదంతా వింటోంది. "ఏందిరా పొద్దుగాల్నుంచి అర్థం అర్థం అంటుండ్రు? పేరుకు అర్థమెందుకు, పిలిస్తే పలికితే సాలదా?" అంది. అని పిల్ల వైపు తిరిగి, "ఏమే యాదమ్మా" అని పిలిచింది. మా ఇంట్లో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. మా బిడ్డ ముఖం చూడాలి!

నిజానికి యాతో నల్లగొండలో ఎవరిని అడిగినా నిద్రలో చెప్పే పేరు అదే. యాదగిరి, యాదయ్య, యాదమ్మ. ఋష్యశృంగుడి కొడుకు యాద మహర్షి తపస్సు చేస్తే నరసింహస్వామి వెలిసిన గుట్ట కాబట్టి యాదగిరిగుట్ట అని స్థలపురాణం. గుట్టకు మొక్కిన ఇంట్లో ఒక యాదగిరో యాదమ్మో ఉండాల్సిందే. మా నాయనమ్మ యాదమ్మే. ఇంత మంది ఉన్నాం, పంతులు గారు యా అనగానే ఆమె మాకు యాదికి రాలేదు. యాది అన్న మాట ఉర్దూ యాద్ నుంచి మన నోట్లోకి వచ్చింది. ఆ మాటకూ గుట్టకూ సంబంధం లేదు కానీ, మా అమ్మ "యాదమ్మ" అన్నప్పటి నుంచి నా చెవిలో రెండూ కలిసే వినిపిస్తున్నాయి.

బడికి పది నిమిషాలు లేటు.

హెడ్‌మాస్టర్‌ని అయ్యాక హాజరు పిలిచే పని లేదు. కానీ ఇవాళ ఏడో తరగతి సార్ సెలవు, నేనే వెళ్లాను. ముగ్గురు కార్తీక్‌లు, ఇద్దరు హర్షిత్‌లు. ఇద్దరమ్మాయిలు శ్రీవల్లి. నేను ఉద్యోగంలో చేరినప్పటి రిజిస్టర్‌లో పేజీకి ముగ్గురు లింగయ్యలు, ఇద్దరు సైదులు ఉండేవాళ్లు. అప్పుడూ ఇప్పుడూ ఒకే పేరు నలుగురికి ఉండటం మామూలే. అప్పుడు అయితే ఆ నలుగురూ ఒకే దేవుడి దగ్గరికి వెళ్లి వచ్చినవాళ్ల పిల్లలు.

పదకొండు దాటాక ఆఫీసు రూము ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్లుంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. "నమస్తే సార్, గుర్తువట్టిండ్రా? పెంటయ్యను" అన్నాడు. నేను గుర్తుపట్టలేదు. "మీరు దేవరకొండ దిక్కు మా ఊర్ల ఉన్నప్పుడు నన్ను బడిల చేర్చుకున్నరు సార్. మీ రిజిస్టర్ల వెంకటయ్యను."

అప్పుడు గుర్తొచ్చింది.

1998. నేను కొత్తగా చేరిన రోజులు. బడికి నేనొక్కడినే టీచర్ని, అడ్మిషన్ రాసేదీ నేనే. ఒక అమ్మ పిల్లవాడిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పేరు అడిగితే పెంటయ్య అంది. పెన్ను ఆగింది. పిల్లలు నవ్వుతారు, జీవితాంతం ఏడిపిస్తారు అనిపించింది. నా పేరుతో నేను పడ్డ తిప్పలు అప్పటికి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నేను మంచి చేస్తున్నాననుకుని పెంటయ్యను వెంకటయ్య చేశాను. ఆమెను అడగలేదు. చదువు రాని ఆమె వేలిముద్ర వేసి వెళ్లింది.

ఇవాళ అతని ఆధార్‌లో పెంటయ్య, పదో తరగతి మెమోలో వెంకటయ్య. గల్ఫ్‌లో డ్రైవర్ పని దొరికేటట్టుంది, పాస్‌పోర్టుకు పెట్టుకోవాలి. ఇద్దరూ ఒక్కడే అని గెజిటెడ్ అధికారి రాసిస్తే పని ముందుకు జరుగుతుందని ఎవరో చెప్పారట. హైస్కూల్ హెడ్‌మాస్టర్‌ది గెజిటెడ్ పోస్టే కాబట్టి వెతుక్కుంటూ వచ్చాడు. నేను చేసిన తప్పుకు నా సంతకమే కావాలి, చూడండి.

కాగితం టైపు అవుతుంటే అతనే చెప్పాడు. అతనికి ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదట. ఇతను పుట్టగానే చాటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటామెతో ఎత్తించి, ఆమె దగ్గర కొనుక్కున్నట్టు చేసి ఇంట్లోకి తెచ్చుకున్నారట. పారేసిన దాని మీద చావుకు కూడా ఆశ ఉండదని నమ్మకం. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. మా ఊరి చుట్టుపక్కల పెంటమ్మలు, ఎంగిలి విస్తరిలో దొర్లించిన పుల్లయ్యలు, జోలె పట్టి అడుక్కున్నందుకు భిక్షమయ్యలు, భిక్షపతులు ఎందరో. తెలిసీ రాశాను.

"మా అమ్మ పోయేదాంక నన్ను ఇంట్ల ఆ బడి పేరుతోని పిలవనియ్యలే సార్. పిలిస్తే ఏమన్న అయితదని ఆమె భయం" అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు, నవ్వుతూనే అన్నాడు. అయినా నాకు అన్నం వేళ దాకా ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

"ఇప్పుడు నీకు ఏ పేరు ఉంచుకోవాలనుంది?" అని అడిగాను.

"పాస్‌పోర్టు ఏ పేరు మీద తొందరగా వస్తే గదే సార్."

సంతకం చేసి స్టాంపు వేసి ఇచ్చాను. ఫోన్ నంబరు తీసుకుని పెంటయ్య అని సేవ్ చేసుకున్నాను.

నా పేరు గురించి రాయకపోతే ఈ రోజు పూర్తికాదు. నేను పుట్టింది నేరేడుచర్ల దగ్గర. అమ్మకు పెళ్లయి ఐదేళ్లయినా పిల్లల్లేకపోతే, జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంది. నేను పుట్టాక అక్కడికి తీసుకెళ్లి కందూరు, అంటే దర్గా దగ్గర మొక్కు విందు, చేసి సైదులు అని పేరు పెట్టారు. అక్కడ కొలువైన జాన్ పాక్ షహీద్‌ను మా దిక్కు సైదులు బాబా అంటారు. షహీద్ అంటే అరబ్బీలో ప్రాణమిచ్చినవాడు. సైదులు చివరి "లు" మాత్రం మనది, రాములు, ఆంజనేయులు అన్నట్టు గౌరవానికి తగిలించుకున్నది. ఏటా జనవరిలో ఉర్సుకు వచ్చే జనంలో హిందువులే ఎక్కువ కనిపిస్తారు. ఆ పేరుతో హైదరాబాద్‌లో బీఎడ్ చదువుకోవడానికి పోతే, రూము చూపించిన మూడు ఇళ్లలో రెండిళ్లవాళ్లు మీరు ముస్లిమా అని అడిగారు. కాదంటే, మరి ఈ పేరేంటని అడిగారు. ఆ రోజుల్లో మా అమ్మ మీద చాలా కోపం ఉండేది.

మధ్యాహ్నం వియ్యంకుడు ఫోన్ చేశాడు. ఆయనది పాలమూరు, పేరు శ్రీశైలం. వాళ్ల దిక్కు మనిషి పేరు శ్రీశైలం అంటే ఎవరూ వింతగా చూడరు. వాళ్ల నాన్న కురుమయ్య, కురుమూర్తి స్వామి పేరు. దీపావళి తర్వాత జరిగే ఆ జాతరలో స్వామికి కొత్త ఉద్దాలు, అంటే పాదుకలు, ఊరేగిస్తారు, చిన్నప్పుడు తండ్రి భుజం మీద కూర్చుని చూశానని చెబుతుంటాడు. ఆయన బామ్మర్ది జహంగీర్, ఇన్ముల్‌నర్వ జహంగీర్ పీర్ దర్గా మొక్కు. బొట్టు పెట్టుకుంటాడు, అయ్యప్ప మాల వేసుకుంటాడు. ఇవాళ అన్నాడు: "బావా, మన పేర్లు చూస్తే ఏ బస్సెక్కి ఎక్కడ దిగిండ్రో తెలిసిపోతది. ఈ పిల్లలు చెప్పే పేర్లకు బస్టాండే లేదు." ఫోన్ పెట్టేసినా నవ్వు ఆగలేదు. అంతమాట అన్నాయన, "అట్లని మా కోడలు ముంగట నేను అన్ననని చెప్పకు" అని కూడా అన్నాడు.

సాయంత్రం పిల్ల జనన ధ్రువపత్రం తీసి చూశాను. 21 రోజుల్లో రాయించాలి కాబట్టి ముందే రాయించాం. పేరు గడి ఖాళీ. దానికి తొందరలేదు, ఏడాది లోపు రుసుం లేకుండా ఎక్కించుకోవచ్చు, ఆలస్య రుసుం కడితే 15 ఏళ్ల దాకా గడువుంది. కానీ 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడికైనా, లైసెన్సుకైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఈ కాగితమే ఆధారం. ఒక్క అక్షరం తేడా వస్తే ఏమవుతుందో పొద్దున కవరు పట్టుకొని నా ముందు నిలబడింది. బిడ్డతో చెప్పాను: "ఏ పేరైనా పెట్టు, తెలుగులో ఇంగ్లీషులో ఎలా రాయాలో ముందు కాగితం మీద రాసి చూపించు." పెంటయ్య సంగతి కూడా చెప్పాను. విన్నది. పిల్ల బొటనవేలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. "యామిని యాదమ్మ అంటే మరీ పొడుగవుతుందా డాడీ?" అంది. ఏమీ అనలేదు నేను. పేరు పెట్టే విషయంలో ఒకసారి వేలు పెట్టింది చాలు.

అమ్మ మాత్రం ఎవరి నిర్ణయం కోసమూ ఆగలేదు. ఇందాక పిల్ల ఏడుస్తుంటే తొడ మీద బోర్లా వేసుకొని వీపు నిమురుతూ, "యాదమ్మకు ఏమైంది, యాదమ్మను ఎవరు కొట్టిండ్రు" అంటోంది. పిల్ల ఏడుపు ఆపలేదు.

ఇప్పుడే అల్లుడి మెసేజ్ వచ్చింది. యామిని ఖాయం అనుకుంటున్నాడట, న్యూమరాలజీ ప్రకారం ఇంగ్లీషులో రెండు "ఎ"లు, చివర రెండు "ఐ"లు పెడితే కలిసొస్తుందట.

పండుకో అల్లుడూ, పొద్దున మాట్లాడదాం అని పెట్టాను.