శంఖం మోగితే గిన్నె పట్టుకుని పరుగు

మా వీధిలో శంఖం మోగిందంటే గిన్నె పట్టుకుని గబగబా మెట్లు దిగాలి. చేపల వ్యాన్ వచ్చిందన్నమాట. వెనక తలుపు తీసి, ఐస్ పెట్టెలో ఒక పక్క ఎర్రటి ట్యూనా, ఇంకో పక్క జాక్స్ అనే జానెడు చేపలు పెట్టుకుని నిలబడతాడు అతను. వీధిలోవాళ్లం నలుగురం పోగవుతాం. కొన్నవాళ్లు కొంటారు, రానివాళ్ల కోసం ఇంకోసారి ఊదుతాడు, అంతే, బండి కదిలిపోతుంది. రేపు వస్తావా అని అడిగితే సముద్రం వైపు చెయ్యి చూపిస్తాడు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో అమ్మతో వీడియో కాల్ మాట్లాడుతుంటే శంఖం వినిపించింది. "ఎవరింట్లోనే పూజ? వ్రతమా?" అని చెంపలు వేసుకోబోయింది. "పూజ కాదమ్మా, చేపలు" అన్నాను. ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "ఏం చేపలు?" అంది. గోదావరి జిల్లా మనిషి మరి.

మేముండేది గ్రెనడాలో. కరేబియన్ సముద్రానికి దక్షిణం కొసన ఉంటుంది. పక్కనున్న కారియాకు, పెటీ మార్టినిక్ దీవులతో కలిపి మొత్తం దేశం 344 చదరపు కిలోమీటర్లు. జనాభా లక్ష దాటి కాస్త. మావారు ఇక్కడి మెడికల్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు. నేను ఇంటి నుంచే అకౌంట్స్ పని చేసుకుంటాను. బంధువులు ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే ప్రశ్న: "అంత చిన్న దీవిలో ఏం తోస్తుందే నీకు?"

తోచకపోవడం సంగతి తర్వాత, ముందు సూపర్ మార్కెట్ సంగతి చెప్పాలి. ఇక్కడ తినేవాటిలో చాలా మటుకు ఓడలో రావాలి. ఓడ ఆలస్యమైతే ఒక వారం ఉల్లిపాయలుండవు, ఇంకో వారం పెరుగుండదు. ధరలు చూస్తే గుండె గుభేలుమంటుంది. ఈస్ట్ కరేబియన్ డాలర్ 1976 నుంచి అమెరికా డాలర్‌కి 2.70 చొప్పున కట్టేసి ఉంది కాబట్టి లెక్క వేసుకోవడం తేలిక. లెక్క వేసుకోకపోతేనే మనశ్శాంతి. మొదటి ఏడాదంతా నేను లిస్టు రాసుకుని షాపుకి వెళ్లేదాన్ని, సగం లిస్టుతో తిరిగొచ్చేదాన్ని. ఇప్పుడు లిస్టు మానేశాను. ఏది దొరికితే అదే ఆ పూట వంట. చేపలు శంఖం మోగినప్పుడు, కూరగాయలు శనివారం మార్కెట్‌లో, మామిడిపళ్లు రోడ్డు మీద రాలినప్పుడు. జూలీ మామిడి సీజన్‌లో పళ్లు కొంటున్నానని తెలిస్తే పక్కింటి పెద్దావిడ నన్ను జాలిగా చూస్తుంది. చెట్టు కింద పడి ఉన్నవాటికి డబ్బులివ్వడమేంటని.

మార్కెట్‌కి నేను బస్సులోనే పోతాను. బస్సంటే టొయోటా హయాస్ వ్యాన్. అద్దం మీద పెద్ద అక్షరాలతో దానికో పేరుంటుంది, నంబరుంటుంది. గ్రాండ్ ఆన్స్ వైపు తిరిగేది 1వ నంబరు. లోపల సోకా పాటలు గుండెల మీద కొడుతుంటాయి. ఎక్కగానే అందరికీ కలిపి ఒక గుడ్ మార్నింగ్ చెప్పాలి. చెప్పకుండా కూర్చుంటే పొగరనుకుంటారు. షాపులోనైనా అంతే, నమస్కారం లేకుండా "టమాటాలున్నాయా?" అని అడిగితే ఉన్న టమాటాలు కూడా ఉండవు. దిగాల్సినచోట బండి గోడ మీద టకటకమని కొట్టాలి. నేను మొదట్లో మొహమాటపడి మెల్లగా కొట్టేదాన్ని. ఆ పాటల్లో నా చప్పుడు ఎవరికి వినపడుతుంది? ఇప్పుడు తలుపు బాదినట్టు బాదుతున్నాను.

5వ నంబరు బస్సు మాత్రం నాకు సరదా. రాజధాని సెయింట్ జార్జెస్ నుంచి పడమటి తీరం వెంబడే గుయావ్ అనే ఊరికి పోతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం, మధ్యలో మలుపులు. డ్రైవర్లకి భయమనేది తెలియదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో ఈ దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం, అదీ బంగారుది, తెచ్చిన కిరానీ జేమ్స్‌ది గుయావే. ఆ మలుపుల్లో బస్సు వేగం చూస్తే, ఊళ్లో అందరికీ ఆ తొందర ఉన్నట్టే అనిపిస్తుంది.

గుయావ్‌లో జాజికాయల ఫ్యాక్టరీ ఉంది. చుట్టాలెవరొచ్చినా బీచ్ కంటే ముందు అక్కడికే తీసుకుపోతాను. ఇక్కడ జెండా మీద కూడా జాజికాయే. 1843లో ఈ దీవికి వచ్చిన చెట్టు అది. పండు చూడ్డానికి పసుపురంగులో చిన్న జామకాయంత ఉంటుంది. ముగ్గితే చెట్టు మీదే రెండుగా విచ్చుకుంటుంది. లోపల నల్లటి పెంకు, దాని మీద ఎర్రటి వల అల్లినట్టు జాపత్రి. మన పోపులపెట్టెలో పసుపు తిరిగి ఎండిపోయిన జాపత్రినే చూసిన కళ్లకి, ఆ తడి ఎరుపు నమ్మబుద్ధి కాదు. పండు తనంతట తను రాలాక రైతులు కింద ఏరుకుంటారు. జాపత్రి ఒలిచి వేరే ఎండబెడతారు. కాయల్ని వారాల తరబడి అరల మీద ఆరబెట్టి, పెంకు పగలగొట్టి, నీళ్లలో వేస్తారు. మునిగినవి మంచివి, తేలినవి రెండో రకం. ఇదంతా ఆడవాళ్లు కబుర్లాడుకుంటూ చేతులతోనే ఏరి చేస్తుంటారు. బస్తాల మీద ఏ దేశానికి పోవాలో అచ్చు వేసి ఉంటుంది. బయటికొచ్చాక కూడా బట్టలకి ఆ వాసన వదలదు.

2004 సెప్టెంబర్ 7న ఇవాన్ తుపాను వచ్చేదాకా, జాజికాయల్లో ఇండోనేషియా తర్వాత ఈ దీవిదే స్థానం. ఒక్క తుపానుకి చెట్లలో ఎక్కువ భాగం పడిపోయాయి. కొత్తగా నాటితే కాపుకి రావడానికే ఏడెనిమిదేళ్లు. కొందరు రైతులు మళ్లీ నాటలేదు. మా పక్కింటావిడ తమ్ముడు నాటాడు. ఇవాన్ సంగతెత్తితే ఆవిడ ఇంటికప్పు గురించి మాట్లాడదు, జాజి చెట్ల గురించే మాట్లాడుతుంది. కప్పు ఆ ఏడాదిలోనే వేసుకున్నారట.

శుక్రవారం సాయంత్రం గుయావ్‌కి వెళ్తే ఫిష్ ఫ్రైడే. సన్న సందుల్లో బల్లలు వేసి, రేకు కాగితంలో చుట్టి నిప్పుల మీద కాల్చిన చేపలు, వేడివేడి ఫిష్ కేకులు, లాబ్‌స్టర్లు అమ్ముతారు. బావుంటుంది. కానీ నా ధ్యాసంతా తిరుగు బస్సు మీదే. చీకటి పడ్డాక బస్సులు పలచబడతాయి, ఆదివారమైతే దాదాపు ఉండనే ఉండవు. ఆ టెన్షన్‌తో తిన్న చేప ఒంటబట్టదని మావారు కారు తీస్తానంటే తప్ప నేను వెళ్లను.

అసలైన తిండి ఆయిల్ డౌన్. ఇది గ్రెనడా జాతీయ వంటకం. హోటల్లో కూడా పెడతారు గానీ, దండగ. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద, కట్టెల మంట మీద, పది మంది చుట్టూ చేరి వండుకోవాల్సిన వంట ఇది. పెద్ద డేగిసాలో అన్నీ వరస ప్రకారం పేర్చాలి. అడుగున ఉప్పు పట్టించిన మాంసం, ఆపైన పెద్దపెద్ద ముక్కలుగా కోసిన బ్రెడ్‌ఫ్రూట్, అంటే మన సీమపనస. తర్వాత పచ్చి అరటికాయలు, కారెట్లు, పొడుగ్గా చేత్తో నులిమిన పిండి ఉండలు. అన్నిటి మీదా కలలూ ఆకులు, అవి మన చేమాకులే. కొబ్బరి తురిమి పిండిన పాలలో పచ్చి పసుపు కొమ్ము దంచి కలిపి, పైనుంచి పోస్తారు. ఇక మూత పెట్టాక గరిటె ముట్టుకోకూడదు. పాలన్నీ ఇంకిపోయి, కొబ్బరి నూనె అడుక్కి దిగేదాకా ఆగాలి.

పంది తోక లేనిదే ఆయిల్ డౌన్ కాదని పక్కింటి పెద్దావిడ నమ్మకం. నేను తిననని తెలిశాక నాకోసం పక్కన చిన్న గిన్నెలో ఉప్పు చేపతో వేరే వండుతుంది. "ఇది ఆయిల్ డౌన్ కాదు, నీ గిన్నె" అంటుంది. ఆ ఆగే గంటా గంటన్నరలోనే అసలు సరదా. డామినోలు బల్ల మీద పగిలిపోయేలా కొడుతుంటారు మగవాళ్లు. పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఉడికిందా లేదా అని మాటిమాటికీ మూత తీయబోయే వాడొకడుంటాడు, వాడి చేతి మీద ఒక దెబ్బ. ఆ పని మా ఇంట్లో మావారిది, కాబట్టి దెబ్బ కూడా ఆయనకే. చివరికి చేమాకు గుజ్జయిపోయి, సీమపనస ముక్క పసుపు పట్టి, కొబ్బరి నూనె మెరుస్తూ పళ్లెంలోకి వస్తుంది. అడుగంటిన మాడు కోసం పెద్దవాళ్లే పోట్లాడుకుంటారు.

ఇక సముద్ర స్నానం. గ్రాండ్ ఆన్స్ బీచ్ ఫొటోలు మీరు చూసే ఉంటారు, తెల్లటి ఇసుక, మూడు కిలోమీటర్ల పొడుగు. పర్యాటక ఓడ వచ్చిన రోజు నేను అటు తొంగి కూడా చూడను. ఇక్కడివాళ్లు సూర్యుడు పైకి రాకముందే వెళ్తారు. ముఖ్యంగా ముసలివాళ్లు. వాళ్లు ఈదరు. మెడలోతు నీళ్లలో, నెత్తిన టోపీ పెట్టుకుని, గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటారు. మోకాళ్ల నొప్పికి, జలుబుకి, మనసు బాగోకపోతే కూడా అదే మందట. నేను చుడీదార్‌తోనే దిగేస్తాను, ఎవరూ వింతగా చూడలేదు. మొదటి రోజు నాకు వాళ్లు నేర్పింది ఒకటే జాగ్రత్త: ఒడ్డున మాంచినీల్ చెట్టుంటుంది, చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలు, తిన్నావా అయిపోయావు. వాన పడేటప్పుడు దాని కింద నిలబడినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

నీళ్లలో నడిచే కబుర్లకి అంతుండదు. ముందుగా నిన్న రేడియోలో చదివిన చావు కబుర్లు. ఇక్కడ పోయినవాళ్ల పేర్లు రోజూ రేడియోలో చదువుతారు, కొడుకులు, కూతుళ్లు, మనవలు, లండన్‌లో మేనల్లుడు, బ్రూక్లిన్‌లో పినతల్లి కూతురు, ఎవర్నీ వదలకుండా. "ఆ బ్రూక్లిన్ అమ్మాయి ఎవరంటే..." అని ఒకావిడ మొదలుపెడితే మూడు తరాల చరిత్ర తేలుతుంది. ఆ తర్వాత పెట్రోలు ధర, వెస్టిండీస్ క్రికెట్ ఎలా నాశనమైంది, ఇవి రోజూ ఉండేవే.

నాకు ఆ గుంపులో చోటు దొరికింది జావెలిన్ పుణ్యమా అని. 2022లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మన నీరజ్ చోప్రా 88.13 మీటర్లు విసిరి వెండి పతకంతో సరిపెట్టుకున్నప్పుడు, 90.54 విసిరి బంగారం పట్టుకుపోయింది గ్రెనడా కుర్రాడే, ఆండర్సన్ పీటర్స్. నేను ఇండియా అని తెలియగానే ఒక పెద్దాయన నీళ్లలోంచి చెయ్యెత్తి బల్లెం విసిరినట్టు చూపించి నవ్వాడు. అప్పట్నుంచి నన్ను చూస్తే అదే పలకరింపు. 2024లో పారిస్‌లో నీరజ్ వెండి, పీటర్స్ కంచు. మర్నాడు పొద్దున్నే నేను మాటలు సిద్ధం చేసుకుని మరీ వెళ్లాను. ఆయన నా నోరు తెరవనివ్వలేదు. "మనిద్దర్నీ పాకిస్తాన్ కుర్రాడు కొట్టాడుగా, ఇంకేం మాట్లాడతావ్" అని నీళ్లు చిమ్మాడు.

క్రిస్మస్ వస్తోందంటే ఇంటింటా సోరెల్ కాస్తారు. ఎర్రటి పూమొగ్గల్లాంటి కాయల్ని అల్లం, లవంగాలు, చెక్క వేసి మరిగించి, చక్కెర కలిపి చల్లారబెట్టి తాగుతారు. పెద్దవాళ్ల జగ్గులో రమ్ము కూడా పడుతుంది. మొదటి డిసెంబరులో పక్కింటావిడ పెరట్లో ఆ మొక్కల్ని చూసి నేను అక్కడే ఆగిపోయాను. ఎర్ర కాడ, చీలిన ఆకు. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. గోంగూర! సాక్షాత్తూ మన ఎర్ర గోంగూర. ఆవిడ కాయలు కోసుకుని, ఆకుల్ని మొక్కలతో సహా కుప్పలో పడేస్తోంది. ఓడలో వచ్చే పాలకూర ప్యాకెట్‌కి పర్సు ఖాళీ చేస్తూ, గోడకి అవతల గోంగూర ఉందని తెలియక బతికానన్నమాట.

ఆకులు తీసుకోనా అని అడిగితే, మేక కోసమా అంది. నాకే అన్నాను. నమ్మలేదు. ఆ మధ్యాహ్నం పచ్చడి నూరి, వేడన్నంలో కలిపి, పచ్చి ఉల్లిపాయ ముక్కతో పళ్లెం పట్టుకెళ్లాను. మొదటి ముద్దకి కళ్లు గట్టిగా మూసుకుంది. పులుపుకో, ఇక్కడి స్కాచ్ బోనెట్ మిరపకాయల కారానికో నాకు తెలియలేదు. రెండో ముద్ద అడక్కుండానే తింది. మర్నాడు సీసా తెచ్చి గోడ మీద పెట్టింది.

ఇప్పుడు కాయల వరసతో పాటు నాకని ఇంకో వరస వేస్తోంది. డిసెంబరు దాకా ఆగితే ఆకు ముదిరిపోతుందని, వానలు పడగానే లేతగా కోసుకోవాలని నాకే పాఠం చెబుతోంది. పోయిన వారం ఆవిడ చర్చి స్నేహితురాళ్లకి కూడా రుచి చూపించిందట, ఇంకో రెండు సీసాలు కావాలంది. పచ్చడిలో నూనె మాత్రం కాస్త తగ్గించమంటోంది. ఆయిల్ డౌన్ వండే మనిషి!